మూత తీసిన అరగంట

ఆదివారం పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు, గంటల తరబడి నెమ్మదిగా ఉడికించే కరెంటు స్లో కుక్కర్‌లో మాంసం పెట్టి వెళ్ళడం డ్రైవరమ్మకు అలవాటు. ఇంట్లో ఆమె ఒకరికి కోడలు, ఒకరికి పెళ్ళాం. వీధిలోనూ, తను నడిపే బస్సులోనూ మాత్రం అందరికీ డ్రైవరమ్మే. మాంసం కొట్టువాడు చౌకగా ఇచ్చే భుజం ముక్క, ఒక్కటే పెద్దది తెచ్చి, ముందు రోజే ఉప్పూ మిరియాల పొడీ పట్టించి ఉంచేది. పొద్దున పెనం బాగా కాలాక ముక్కను అన్ని పక్కలా ఎర్రగా వచ్చేదాకా కాల్చేది. కుక్కర్ అడుగున ఉల్లిపాయలూ, బంగాళదుంపలూ, క్యారెట్లూ పరిచి, వాటి మీద దాన్ని కూర్చోబెట్టేది. పెనానికి అంటిన మాడును కాసిని నీళ్ళు పోసి గీకి, ఆ నీళ్ళు కూడా కుండలోకే వంచేది. రుచంతా ఆ మాడులోనే ఉందని ఆమె నమ్మకం. మూత పెట్టి, మీటను సన్నసెగకు తిప్పి, కోటు బొత్తాలు పెట్టుకుంటూ గుమ్మంలో ఆగి ప్రతి వారం ఒకటే మాట చెప్పేది.

"అత్తయ్యా, మూత తీయకండి."

"నాకేం పనమ్మా, నేనెందుకు తీస్తాను," అనేది అత్తగారు.

తీసేది.

స్లో కుక్కర్ సంగతి తెలిసినవాళ్ళందరికీ తెలుసు. మూత ఒకసారి తీస్తే అరగంట ఉడుకు పోయినట్టే. ఏ ఇంట్లోనైనా ఆ అరగంట గాలిలో కలిసిపోతుంది. ఈ ఇంట్లో మాత్రం అది బయటికి వచ్చి, ఉన్నవాళ్ళకు దొరికేది. ఆవిరి వాసన ఎంతవరకు పాకితే అంతవరకు మనుషులకు అరగంట మిగిలేది. గోడ మీద గడియారం ఆగేది, కిటికీ అవతల వీధి ఉన్నది ఉన్నట్టు నిలబడేది, లోపలివాళ్ళు తమ పనులు తాము చేసుకునేవాళ్ళు. అరగంట అయ్యాక వీధి మళ్ళీ కదిలేది. మాంసం మాత్రం అరగంట వెనక్కి పోయేది. దీన్ని గురించి ఎవరూ ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదు. ఆ ఇంట్లో అందరూ చెప్పుకునే విడ్డూరం ఏదన్నా ఉంటే, అది ఎంత నూనె పోసినా కిర్రుమనడం మానని వంటింటి తలుపే.

ఇరుగుపొరుగు వాళ్ళు గిన్నెడు చక్కెర అడిగినట్టు వచ్చి అరగంట అడిగేవాళ్ళు.

"పిన్నిగారూ, కోటుకి కాజాలు కుట్టడం ఒక్కటే మిగిలిపోయింది. ఆ కోటాయన వచ్చేస్తున్నాడు. ఒకసారి మూత తీద్దురూ," అని పై వాటాలోని దర్జీ కోటు చంకలో పెట్టుకుని దిగేవాడు.

"రా నాయనా, ఆ బల్ల దగ్గర కూర్చో," అనేది అత్తగారు. ఆవిడ చేతికి ఎముక లేదు. ఎవరూ అడగడానికి రాని రోజున, అసలు ఉడుకుతోందో లేదో చూద్దామని తనే ఒకసారి తీసేది. తీశాక, అయ్యో తీశానే అనుకుంటూ, వచ్చిన అరగంట వృథా చేయడం ఎందుకని ఓ కునుకు తీసేది.

సాయంత్రానికి మాంసం చెప్పు అట్టలా ఉండేది. ముగ్గురూ మాటామంతీ లేకుండా నమిలేవాళ్ళు. "దవడలకి మంచి కసరత్తు," అనేవాడు భర్త. డ్రైవరమ్మ నవ్వేది కాదు.

నవ్వే ఓపిక లేదు. గోదాములో పెట్టెలు దించుతూ భర్త భుజం దెబ్బతిన్న దగ్గర్నుంచి ఆమె రోజుకు రెండు డ్యూటీలు చేస్తోంది. పొద్దున ఎక్కిన బస్సు మధ్యాహ్నం దిగడం, కాస్త ఏదో తిని మళ్ళీ ఎక్కడం. ఇంటికొచ్చాక అంట్లు, బట్టలు, మర్నాటికి కోసి పెట్టుకోవలసిన కూరగాయలు. భర్త ఒంటిచేత్తో బంగాళదుంపల తోలు తీసేవాడు గానీ, తోలుతో పాటు సగం దుంప కూడా పోయేది. ఆమె అలిసిపోయింది. ఈ మాటను ఇంతకన్నా అందంగా చెప్పే అవసరం లేదు. ఒక్కోసారి ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీసిందో మరిచిపోయి, ఆ చల్లగాలికి నుదురు ఆనించి నిలబడే నిద్రపోయేది.

"ఆ అరగంటలు ఊరందరికీ పంచకపోతే మీ కోడలికి ఒకటి దాచకూడదా అత్తయ్యా?" అని ఒకసారి నిష్ఠూరంగా అడిగింది.

"నీకూ ఇచ్చాను కదమ్మా ఆమధ్య. ఏం చేశావు?"

డ్రైవరమ్మ ఆ అరగంటలో పొయ్యి గట్టు తోమింది, రెండు చొక్కాలు ఇస్త్రీ చేసింది.

"నీకిస్తే పనికే పెడతావు. అందుకే ఇవ్వను," అంది అత్తగారు.

ఇంతవరకు ఎలాగో లాక్కొచ్చేదేమో. కానీ ఆ వారం ఒక సిగ్నల్ దగ్గర ఎర్రదీపం చూసి ఆగిన డ్రైవరమ్మ, వెనక కార్లవాళ్ళు హారన్లు మోగిస్తే గానీ కళ్ళు తెరవలేదు. బస్సు ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. నడుస్తూ ఉంటే? ఎవరికీ చెప్పలేదు. స్టీరింగ్ మీద నిద్రపోయిన డ్రైవరుకు మళ్ళీ బస్సు ఇవ్వరు. ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చేతులు ఆమెవి మాత్రమే.

దారి ఒక్కటే కనిపించింది. డిపోలో ఎవరికి ఏ డ్యూటీ అన్నది నల్లబోర్డు మీద సుద్దతో రాసే పెద్దాయనను అందరూ బోర్డు బాబాయి అనేవాళ్ళు. ఆయన రాసేది సుద్దతోనే గానీ రాతి మీద చెక్కినట్టే. ఏళ్ళ తరబడి ఒకరు బతిమాలారని ఒక్క గీత మార్చిన పాపాన పోలేదు. ఆయన ఈ ఆదివారమే పదవీ విరమణ చేస్తున్నాడు. మధ్యాహ్నం డిపో క్యాంటీన్‌లో అందరూ తలొక వంటకం తెచ్చి ఆయనకు విందు పెడుతున్నారు. తరవాత వచ్చేవాడు ఎలాంటివాడో ఎవరికీ తెలియదు.

"కట్టుడు పళ్ళొచ్చాక మాంసం తినడం మానేశానమ్మా. నోట్లో పెడితే కరిగిపోయేది ఎవరన్నా పెడితే బాగుండు," అని ఆయన ఎప్పుడో అన్నమాట డ్రైవరమ్మకు గుర్తుంది.

"ఈ ఒక్కసారీ వెన్నలా ఉడకాలి," అంది ఆదివారం పొద్దున, మూత మీద చెయ్యి తీయకుండా. "ఆయన రెండు ముద్దలు తిన్నాక అడుగుతాను, ఒక్క డ్యూటీకి మార్చమని. ఖాళీ చేతులతో అడిగే ధైర్యం నాకు లేదు. అత్తయ్యా, మీకు దండం పెడతాను. ఈవాళ ఎవరొచ్చి అడిగినా సరే."

"ఎవరొచ్చినా తీయను," అంది అత్తగారు. ఆ మాట అంటూనే కుండవైపు ఓరగా చూసింది.

కొడుక్కి తల్లి సంగతి తెలుసు. పాత చొక్కా ఒకటి తెచ్చి, కుక్కర్ చుట్టూ తిప్పి, దాని చేతులు రెండూ మూత మీదుగా లాగి, ఒక కొస పళ్ళతో పట్టుకుని ముడివేశాడు. పై వాటా దర్జీ వచ్చి ఆ ముడి చూసి, ఏమీ అడక్కుండానే వెనక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి ముందు చివరి ట్రిప్పులో డ్రైవరమ్మ బస్సు తమ ఇంటి ముందు స్టాపుకు వచ్చేసరికి తల్లీకొడుకులు అక్కడ ఉన్నారు. కుక్కర్‌కు దుప్పటి చుట్టి ఉంది. అత్తగారు ఎక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, కొడుకు ఒంటిచేత్తో అందించిన కుక్కర్‌ను ఒళ్ళో పెట్టుకుంది.

"తీయలేదుగా?" అంది డ్రైవరమ్మ అద్దంలో చూస్తూ.

"ముడి చూడు. నీ మొగుడు వేసినట్టే ఉంది."

బస్సు కదిలింది. ఎండ కిటికీ అద్దాల్లోంచి దిగి మోకాళ్ళ మీద వెచ్చగా పడుతోంది. ఇంజను ఒకటే శ్రుతిలో గుర్రుమంటోంది. బస్సు సగానికి పైగా నిండి ఉంది, ఎవరి గొడవ వాళ్ళది. అత్తగారి ఒళ్ళో కుండ వెచ్చగా ఉంది, దుప్పటి లోంచి సన్నగా వాసన కూడా వస్తోంది. పొద్దుటినుంచి ఉడికిందాయె. అసలు ఉడికిందా? ఎలా తెలుస్తుంది? పెద్దమనిషికి పెట్టే తిండి ఒకసారి చూసుకోకుండా ఎలా పెడతాం? ఆవిడ వేళ్ళు తమంతట తామే ముడి దగ్గరికి వెళ్ళాయి. ఒంటిచేత్తో వేసిన ముడి ఎంతసేపు ఆగుతుంది? వంతెన దాటేసరికి వదులైంది. తీయకూడదు, మాటిచ్చాను, అనుకుంది. ఒక్క రవ్వ సందు చేసి చూస్తే మూత తీసినట్టు కాదు, అని కూడా అనుకుంది. ఈ రెండింటి మధ్యా కొట్టుకుంటూ, కోడలు చూస్తోందేమోనని తలెత్తి అద్దంలోకి చూసింది.

కోడలి కళ్ళు మూసుకుని ఉన్నాయి.

వంతెన దిగువన రోడ్డు పల్లంలోకి జారుతుంది. తల ఒక పక్కకు వాలి ఉంది. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి గానీ వేళ్ళు పట్టు వదిలేశాయి. ముందు అద్దంలోంచి, రొట్టెల బుట్ట కట్టుకున్న సైకిలతను అడ్డంగా రోడ్డు దాటుతూ కనిపించాడు. బుట్టలోని రొట్టెలు లెక్కపెట్టగలిగేంత దగ్గరలో ఉన్నాడు.

అరిస్తే కోడలు ఉలిక్కిపడి లేవాలి, చూడాలి, తొక్కాలి. అంత వ్యవధి లేదు. అత్తగారు మూత తీసింది.

వాసన గుప్పుమని బస్సంతా పాకింది. ఇంజను శబ్దం ఆగిపోయింది. సైకిలతను ఒక కాలు పెడల్ మీద నొక్కి, నోరు సగం తెరిచి, ఉన్నచోటే ఉండిపోయాడు. వంతెన మీద ఎగురుతున్న కాకి కూడా అలాగే గాలిలో నిలబడింది.

అత్తగారు కుండను పక్కన పెట్టి లేచింది. లేపుదామని కోడలి భుజం మీద చెయ్యి వేసి, ఆ మొహం దగ్గరగా చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నిద్ర సుఖమెరుగదంటారు. ఆ పిల్ల మెడ విరిగినట్టు వాలి ఉన్నా, పసిపాపలా నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆ నోటి చివర్న గీతలు ఎప్పుడు పడ్డాయో ఆవిడ గమనించనే లేదు. ఒక్క గోడ అవతల పడుకుంటూ, రోజూ చూస్తూ, గమనించలేదు. ఊరందరికీ కాజాలు కుట్టుకోవడానికి అరగంటలు పంచిన తన చేతులను చూసుకుంటే ఆవిడకు ఏడుపొచ్చింది.

"ఏమైందండీ?" అన్నాడు వెనక సీటాయన పేపరు దించి.

"ష్," అంది పక్కనే నిలబడ్డ నర్సు. "డ్రైవరమ్మ పడుకుంది."

నర్సు తన శాలువా మడిచి పక్క కిటికీకీ ఆ తలకూ మధ్య దూర్చింది. తరవాత తను కూడా బూట్లు విప్పి, ఒక సీట్లో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. పేపరాయన పేపరు పూర్తిచేశాడు. వెనక ఎవరో సన్నగా గురక పెట్టారు.

అరగంట అయిపోవస్తుంటే అత్తగారు మూత పెట్టి మళ్ళీ తీసింది. లోపల మాంసం కాస్త బిగుసుకుంది. అదీ అయిపోవస్తుంటే మళ్ళీ తీసింది. పొద్దుటినుంచి కుండ దాచుకున్నదంతా ఒక్కొక్క మూతా తీసి కోడలి నిద్రకు ధారపోసింది. ఇది దేనికి వండిన మాంసమో ఆవిడకు తెలియక కాదు. బోర్డు బాబాయి కట్టుడు పళ్ళూ గుర్తున్నాయి, పొద్దున కోడలు పెట్టిన దండమూ గుర్తుంది. అయినా తీసింది. తీయగా తీయగా బంగాళదుంపలు మళ్ళీ రాళ్ళలా అయ్యాయి, క్యారెట్లు పచ్చివైపోయాయి, మాంసం పొద్దున పెనం మీంచి దిగినప్పుడు ఎలా ఉందో అలాగే అయింది. ఇక కుండలో ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు కోడలి చెంప మీద మెల్లగా తట్టింది.

"అమ్మాయ్, లే. ముందు బ్రేకు మీద కాలు పెట్టు. తరవాత నన్ను తిట్టుదువుగాని."

డ్రైవరమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా సైకిలు. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. బలమంతా కాలిలోకి తెచ్చుకుని తొక్కి పట్టింది. అరగంట తీరిపోయింది, కాకి ఎగిరిపోయింది, బస్సు కీచుమని జారి, సైకిలు చక్రానికి జానెడు దూరంలో ఆగింది.

"కళ్ళు నెత్తికెక్కాయా!" అని అరిచాడు సైకిలతను. బుట్ట సర్దుకుని, తిట్టుకుంటూ దాటి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం రొట్టెలన్నీ అమ్ముకుని ఇంటికెళ్ళి, ఎవతో బస్సు డ్రైవరు మీదికి రాబోయిందని భార్యకు చెప్పి, అంతలోనే మరిచిపోయి ఉంటాడు.

డ్రైవరమ్మ వెనక్కి తిరిగి, మూత లేని కుండనూ అత్తగారినీ చూసింది.

"ఏమీ అనవేమ్మా?"

"ఏమంటాను అత్తయ్యా," అంది. శాలువా మడత నలగకుండా నర్సుకు ఇచ్చేసి, బస్సును గేరులో వేసింది.

డిపో క్యాంటీన్‌లో బల్లలన్నీ కలిపి వేసి ఉన్నాయి. బోర్డు బాబాయి మెడకు తువ్వాలు కట్టుకుని, ఫోర్కు చేత్తో పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. అత్తగారు కుక్కర్‌ను ఆయన ముందు పెట్టింది. ఆయన ఆత్రంగా మూత తీశాడు. గడియారం ఆగలేదు. అందరూ కుండలోకి తొంగిచూసి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"నేనేనండీ," అంది అత్తగారు గబగబా. "దారిలో వాసనకు ఆగలేక తీశాను. ఒకసారి కాదు, బోలెడుసార్లు. కుక్క తోక వంకర అంటారు చూడండి, అదే నేను. మా అమ్మాయి తప్పేం లేదు."

అందరూ ఘొల్లున నవ్వారు. బోర్డు బాబాయి కూడా నవ్వాడు. అక్కడితో అయిపోయేదే. డ్రైవరమ్మ కూడా నవ్వేసి ఊరుకుంటే, ఆమె ఉద్యోగానికి ఏ ఢోకా ఉండేది కాదు. మర్నాడు మళ్ళీ రెండు డ్యూటీలు, మళ్ళీ అదే పల్లం.

"కాదు బాబాయ్," అంది. "నేను స్టీరింగ్ మీద నిద్రపోయాను. బస్సు నడుస్తుండగా. అత్తయ్య మూత తీయకపోతే ఈపాటికి ఒక మనిషి లేడు."

నవ్వులు ఆగిపోయాయి.

"రేపటినుంచి నాకు బస్సు ఇవ్వకపోయినా సరే. రెండు డ్యూటీలు మాత్రం నావల్ల కాదు. ఈ మాంసం తినిపించి ఆ ఒక్కమాటే అడుగుదామనుకున్నాను. ఇప్పుడది కూడా ఉడకలేదు."

బోర్డు బాబాయి మెల్లగా మెడ మీది తువ్వాలు విప్పాడు.

"నిద్రపోయింది నువ్వు," అన్నాడు. "రెండో డ్యూటీ రాసింది నేనమ్మా. నువ్వు కాదనలేవని తెలిసే, రోజూ రాశాను."

లేచి, కుక్కర్ వైరు తనే గోడకున్న ప్లగ్గులో పెట్టాడు. మీట సన్నసెగకు తిప్పాడు.

"అక్కయ్యా, మీరు దీని పక్కనే కూర్చోండి. అందరం ఆగుదాం. మిగిలినవి తినండి గానీ, ఇది ఉడికేదాకా విందు అయిపోయినట్టు కాదు. నువ్వెళ్ళి పడుకోమ్మా."

"మరి సాయంత్రం నా బస్సు?"

"నా ఒంటి మీద యూనిఫాం ఇంకా తీయలేదు. బోర్డు పట్టుకోకముందు స్టీరింగే పట్టుకున్నాను." టోపీ పెట్టుకుని తాళాల కోసం చెయ్యి చాపాడు.

డ్రైవరమ్మ విశ్రాంతి గదిలో బెంచీ మీద, కోటు తలకింద పెట్టుకుని ఒరిగింది. బస్సులో అంత నిద్రపోయింది కదా, ఇక పట్టదేమో అనుకుంది. ఒక పూటతో తీరే బడలిక కాదది. అనుకోవడం పూర్తయ్యేలోపే నిద్రపోయింది.

ఎవరూ లేపకుండా లేచేసరికి కిటికీలో వెలుతురు పల్చబడింది. ఎదురుగా బోర్డు ఉంది. రేపటి డ్యూటీల్లో ఆమె పేరు ఎదుట మొదటిది అలాగే ఉంది. రెండోది ఉండాల్సినచోట అరచేత్తో తుడిచిన తెల్లటి మరక ఉంది.

క్యాంటీన్‌లో ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. బోర్డు బాబాయి ట్రిప్పు ముగించి వచ్చి, టోపీ బల్ల మీద పెట్టి, చొక్కా చేతికి అంటిన సుద్ద దులుపుకుంటున్నాడు. కుక్కర్ పక్కన కుర్చీలో అత్తగారు, ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులూ మూత మీద పెట్టుకుని కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచి అలాగే కూర్చుందని చూస్తేనే తెలుస్తోంది. కోడలిని చూడగానే మొహం వెలిగిపోయింది.

"ఒక్కసారి కూడా తీయలేదే అమ్మాయ్," అంది. "నీ మీద ఒట్టు."